పీనసాసురుడి పిడికెడు ఉప్పు

కలగూరగంప కోటను కట్టినవాడెవడో గాని, ఒక్క రాయి మీద మనసు నిలిపినవాడు కాడు. పునాది నల్లరాయి, గోడలు ఎర్ర ఇటుక, ఆపైన చలువరాయి, చలువరాళ్ళ సందుల్లో తాటిమొద్దులు. తూర్పు బురుజు మీద బంగారు కలశం ధగధగలాడుతుంటే, పడమటి బురుజు మీద కల్లుకుండ బోర్లించి ఉంది. తోటలో మల్లెతీగకు కాకరకాయలు కాస్తున్నాయి. కొలనులో పాలూ నీళ్ళూ కలిపి పోశారు. అందులోని హంసలకు పొద్దస్తమానం రెంటినీ వేరుచేసే పనే గాని, పాపం, తీరిగ్గా ఈదే యోగం లేదు.

ఈ కలగాపులగానికంతటికీ యజమాని సంకరాక్షుడనే మాంత్రికుడు. శంకరుడిలో ‘శ’ కాదు, సంకరంలో ‘స’. పేరు సరిగా వినక దణ్ణం పెట్టినవాళ్ళు, విన్నాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తికమకపడేవారు. ఏ వస్తువైనా తనంతట తాను, తనలా ఉండటం అతడికి గిట్టదు. బియ్యం కనబడితే రాళ్ళు కలపాలి, నెయ్యి కనబడితే ఆముదం పొయ్యాలి.

అలాంటివాడు స్ఫటికపురి రాకుమారి హిమగంధి దగ్గరకు వెళ్ళి పెళ్ళాడమన్నాడు. “మీలో మీరు ఎంత పాలో ముందు తేల్చుకుని రండి, తరవాత మాట్లాడదాం” అందామె. అతడికి తేలలేదు. తేలనివాడికి కోపం త్వరగా వస్తుంది. మంత్రదండం తిప్పి ఆమెను కర్పూరపు రాశిగా మార్చేశాడు. అంతటితో ఊరుకుంటే సంకరాక్షుడు ఎందుకవుతాడు? ఆ కర్పూరంలో ఉప్పూ ఇసుకా కలిపి, వెడల్పాటి ఇత్తడి పళ్ళెంలో పోసి, కోట పైమేడ మీద గాలికి పెట్టించాడు. మూత లేని కర్పూరం సంగతి మీకు తెలియనిదేముంది? హిమగంధి గాలి గాలికి కాస్త కాస్త తరిగిపోతోంది. రాశి పూర్తిగా హరించుకుపోతే ఆమె ఇక లేనట్టే.

ఈ రహస్యం గురించి ఉప్పందించింది అక్షరాలా ఉప్పే. ఉప్పు బస్తాలు కోట వంటశాలకు పోకుండా మేడ మెట్లెక్కడం చూసి, ఆరా తీసి స్ఫటికపురి వేగులు కనిపెట్టారు. ఆ కబురు పట్టుకునే, మిట్టమధ్యాహ్నపు ఎండలో, నాటువైద్యుల వేషంలో ఇద్దరు ఆ మెట్లు ఎక్కుతున్నారు. ముందు నడుస్తున్నది శతపుష్పాదేవి. హిమగంధికి పిన్ని, తల్లిలేని ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకుని పెంచిన మనిషి, రాజవైద్యురాలు. వెనక మందుల సంచి మోస్తూ, మేకవెంట్రుకల గడ్డం దురదపెడుతున్నా గోక్కోలేక ఎక్కుతున్నవాడు మరకతగిరి యువరాజు కేయూరుడు. హిమగంధి మనసిచ్చింది ఇతడికే.

“అత్తయ్యగారూ, మీ దగ్గర తిరుగుమంత్రం ఉందిగా. కింద నిలబడే చదివేస్తే పోయేదేమో” అన్నాడు కేయూరుడు రొప్పుతూ.

“అత్తయ్యను ఇంకా కాలేదు నాయనా, తొందరపడకు. అది శుద్ధమంత్రం. శుద్ధపదార్థం మీదే పనిచేస్తుంది. ఒకసారి పసుపుగా మారిన చిలకను వెనక్కి తెద్దామని చదివాను. ఆ పసుపులో ఎవరో శనగపిండి కలిపారని నాకు తెలియదు. చిలకైతే వచ్చింది. నూనె మూకుడు కనబడితే చాలు, అందులో దూకుతానని ఇప్పటికీ ఒకటే గోల.”

“నన్ను నిన్న శుద్ధ మొద్దన్నారు. మరి నామీద పనిచేస్తుందా?”

“భేషుగ్గా. ఆ విషయంలో నీలో కల్తీ లేదు.”

పైమేడ చేరి చూశారు. మధ్యలో ఇత్తడి పళ్ళెం, అందులో తెల్లటి రాశి. పక్కన రాతి పొయ్యి మీద కుండెడు అంబలి కుతకుతలాడుతోంది. పొయ్యి ముందు గుట్టంత రాక్షసుడు గొంతుక్కూర్చుని ఉన్నాడు. వాడి పిడికిలి నిండా తెల్లటి పొడి. ఆ పిడికిలి సరిగ్గా అంబలి కుండ మీద ఉంది.

కేయూరుడి చెయ్యి కత్తి మీదికి పోయింది. శతపుష్ప ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. “నరికితే పిడికిలి విడుతుంది. విడితే కుండలో పడుతుంది.”

“ఆ పిడికిట్లో ఉన్నది ఆమె కన్నో, చెయ్యో?” అన్నాడు కేయూరుడు.

“కర్పూరానికి కన్నేమిటి, కాలేమిటి? ఏ మూల చిటికెడు తీసినా అదే. పిడికెడు పోయిందంటే ఆమెలోనే అంతమేర పోయినట్టు. నువ్వు మాట్లాడు, నేను ఆలోచిస్తాను.”

రాక్షసుడు తల తిప్పాడు. “బీరెవరు? ఇక్కడ బీకేం పది?”

పాఠకులు కంగారుపడనక్కర్లేదు. ఈ రాక్షసుడి పేరు పీనసాసురుడు. పుట్టినప్పటినుంచీ ముక్కు దిబ్బడ. ‘మ’ అనబోతే ‘బ’ వస్తుంది, ‘న’ అనబోతే ‘ద’ వస్తుంది. ముక్కున్నవాడెవడైనా ఆ రాశి దగ్గర నిలబడితే ఇది కర్పూరమని ఇట్టే కనిపెడతాడు కదా. అందుకే సంకరాక్షుడు ఏరి ఏరి ముక్కున్నా లేనట్టే ఉన్నవాణ్ణి కాపలా పెట్టి, “ఇది ఉప్పు, ముట్టకు” అని చెప్పాడు.

“పది కాదు, ఇద్దరమే. వైద్యులం” అన్నాడు కేయూరుడు.

“ఏ ఊరు బీది?”

“కేయూ...” అని నాలుక కరుచుకుని, “కేయూరు. చిన్న గ్రామం, పటంలో ఉండదు. అయ్యా, ఆ ఉప్పు అంబలిలో వెయ్యకండి.”

“చప్పగా ఉంది. బా అబ్బ అంబలిలో ఉప్పేసి కాచేది. దేదూ వేస్తా.”

“మీ అబ్బ వంట చేసేవాడా? మంచి నాయన.”

“దాద్ద కాదు. అబ్బ.” రాక్షసుడి కళ్ళు ఎర్రబడ్డాయి. “అబ్బ అంటే అబ్బ కాదు. అబ్బ.”

శతపుష్ప ముందుకొచ్చింది. ఆమె గొంతులో ఇంతకుముందు లేని మెత్తదనం వచ్చింది. “అమ్మ గురించి చెబుతున్నాడు నాయనా. నీ ముక్కుకేమైంది బాబూ, ఎన్నాళ్ళనుంచి ఇలా?”

ముక్కు సంగతి అడిగినవాళ్ళు ఆ కోటలో ఎవరూ లేరు. పీనసాసురుడు కుండను మరిచిపోయి తన గోడు చెప్పుకున్నాడు. వాడి మాటలను మనం మామూలు ముక్కుతో చదువుకుంటే ఇదీ సంగతి: చిన్నప్పుడు వాడు ‘అమ్మా’ అని పిలవబోతే నోట్లోంచి ‘అబ్బా’ అని వచ్చేది. బిడ్డకు ఎక్కడో నొప్పి పుట్టిందనుకుని ఆ తల్లి చేతిలో పని వదిలి పరుగెత్తుకొచ్చేది. ఆమె పోయేదాకా ఒక్కసారీ వాడు సరిగ్గా పిలవలేదు. ఆమె ఒక్కసారీ రాకుండా ఉండలేదు.

“ఆ పిడికిలి అలాగే బిగించి పెట్టుకో. విడిచావంటే మందు పనిచెయ్యదు” అంది శతపుష్ప. వైద్యంలో అలాంటి నియమం లేదు, ఆమె అప్పటికప్పుడు పుట్టించింది. “నాయనా, ఆ అంబలి దించి నీళ్ళు పెట్టు.”

నీళ్ళు మరిగాయి. ఆమె సంచిలోంచి చిన్న భరిణె తీసి, అందులోని వాము పువ్వు, అంటే వాము సారపు పలుకులు, చిటికెడు నీళ్ళలో వేసింది. ముక్కును కాదు, మొండిగోడను తొలిచే ఘాటు లేచింది. రాక్షసుడి తలమీద గొంగళి కప్పి, ముఖం కుండ మీద పెట్టించారు. లోపల్నుంచి కొండచరియ విరిగినట్టు ఒక చప్పుడు, తరవాత వరదలాంటి మరో చప్పుడు వచ్చాయి. ఆ రెండో చప్పుడును వర్ణించడం సభ్యత కాదు.

గొంగళి తొలగింది. పీనసాసురుడు గాలి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు.

“అమ్మ” అన్నాడు.

ఎవరూ పలకలేదు. వాడు మళ్ళీ, ఈసారి ఇంకా నెమ్మదిగా, “అమ్మ” అన్నాడు. అని, ఇంక పలికేవాళ్ళు లేరు కదా అన్నట్టు శతపుష్ప వంక చూశాడు. ఆమె కొంగుతో వాడి ముక్కు తుడిచింది. అంత ముక్కుకు ఆ కొంగు చాలలేదు. అయినా తుడిచింది.

“ఇదేంటమ్మా, ఈ సల్లటి వాసన? గుళ్ళోకెళ్ళినట్టుంది.”

“నీ పిడికిలిలోనే ఉంది బాబూ. ఉప్పు కాదది. మా పిల్ల.”

సంగతంతా విని పీనసాసురుడు పిడికిలిని పళ్ళెం మీద విప్పాడు. విప్పి, వేళ్ళ సందుల్లో చిక్కుకున్న పొడిని కూడా ఒక్కొక్క వేలే దులిపి దులిపి రాల్చాడు. గోళ్ళ కింద మిగిలిందేమోనని ఎండకు పెట్టి చూసుకున్నాడు. “తెల్వక అమ్మా. కూడులో ఏసుకునేవాణ్ణి” అని తలవంచుకున్నాడు.

“కాగితంలో చుట్టుకుపోదామా?” అన్నాడు కేయూరుడు.

“ఉప్పుతోనా? మంత్రం చదివితే వచ్చే పిల్ల ప్రతి మాటా ఉప్పగా మాట్లాడుతుంది. ముందు తేల్చాలి.”

పళ్ళెంలోని రాశిని గంగాళంలోకి ఒంపి చన్నీళ్ళు పోశారు. ఇసుక బుద్ధిగా అడుగుకు దిగింది. ఉప్పు కంటికి కనబడకుండా నీళ్ళలో కరిగిపోయింది. కర్పూరం మాత్రం ఏ పట్టింపూ లేనట్టు పైకి తేలి నిలిచింది. “చూశావా, మాంత్రికుడికి తేలనిది మనకు తేలింది” అంది శతపుష్ప. కేయూరుడు తన పట్టు తలపాగా విప్పి జల్లెడ పట్టాడు. నీళ్ళు జారిపోయాయి, కర్పూరం పాగాలో నిలిచింది. మంచినీళ్ళతో మళ్ళీ కడిగారు. అయినా అందులో దుమ్ము మచ్చలూ, పురుగు రెక్కలూ మిగిలాయి.

“ఇంకొక్క మెట్టుంది” అందామె. “కుండలో వేసి సన్నసెగ మీద పెట్టి, పైన చన్నీళ్ళు పోసిన మూకుడు మూతపెట్టాలి. కర్పూరం ఆవిరై లేచి, చల్లటి మూకుడుకు అంటుకుంటుంది. మురికి అడుగున ఉండిపోతుంది.”

కేయూరుడు కుండకు చెయ్యి అడ్డంపెట్టాడు. “ఆవిరి చేస్తారా? ఇన్నాళ్ళూ ఆమె ఆవిరైపోతోందనే కదా మనం పరుగెత్తుకొచ్చింది.”

“మొద్దూ, విను. కర్పూరాన్ని నలిపి, నలిపి, ఇక నలిపితే కర్పూరమే కాకుండా పోయేంత చిన్న నలుసు దాకా వెళ్ళావనుకో. ఆ చిట్టచివరి కర్పూరమే అణువు. శుద్ధమైన కర్పూరమంటే అలాంటి అణువులు తప్ప మరొకటి లేని రాశి. వేడి చేస్తే అవి ఒకదాని చెయ్యి ఒకటి వదిలి ఎగురుతాయి, అంతే. అణువు చెడదు. చల్లబడితే మళ్ళీ చేతులు పట్టుకుంటాయి. గాలిలో పోయినవి పట్టుకోలేం గనక పోయాయి. కుండలో ఎక్కడికి పోతాయి? కాని నిప్పు అంటుకుందా, అణువే విరిగిపోతుంది. అప్పుడు మిగిలేది పొగ. పొగమీద ఏ మంత్రమూ పనిచెయ్యదు.”

కుండ పొయ్యి ఎక్కింది. కాసేపటికి కేయూరుడు ఉండబట్టలేక మూత సందులోంచి తొంగిచూశాడు. అడుగున నల్లటి మురికి తప్ప తెల్లదనం లేదు. “లేదు, ఆమె లేదు” అంటూ వెనక్కి తూలాడు. ఆ తూలడంలో అతడి కాలు పొయ్యిలోని కట్టెను తన్నింది. ముడుచుకుని ఉన్న మంట ఒక్కసారిగా నాలుక చాచి కుండ అంచుదాకా ఎగబాకింది. మూత సందులోంచి తెల్లటి ఆవిరి పోగు ఒకటి మంట వైపే వంగింది.

పీనసాసురుడు మండుతున్న కట్టెను ఉత్తచేత్తో పట్టుకుని మేడ అవతలికి విసిరేశాడు. అరచెయ్యి చుర్రుమంది. “అమ్మా” అన్నాడు. నొప్పికి కూడా ఇక వాడికి అదే మాట.

మూకుడు తిరగేసి చూశారు. మూకుడు లోపలంతా పౌర్ణమి ముక్కలు చేసి అతికించినట్టు పలకలు పలకలుగా మెరుపులు. మంచుతో చేసిన జాజిపూలా, జాజిపూలతో చేసిన మంచా అని తేల్చుకోలేని తెలుపు. ఒక్క మచ్చ లేదు, ఒక్క మరక లేదు. గాలి కదిలితే, హిమగంధి నవ్వేముందు ఊపిరి పీల్చినట్టు ఒక చల్లదనం ముగ్గురి చెంపలూ తాకింది. కేయూరుడు ఆ పలకలను ఒక్కటీ రాలకుండా గాజుసీసాలోకి దించాడు.

“స్నానం చెయ్యకుండా మంత్రం చదవకూడదు. రెండు చెంబులు పోసుకొస్తాను” అని శతపుష్ప మేడ మూలనున్న నీళ్ళతొట్టి దగ్గరకు వెళ్ళింది. కేయూరుడు ఆ సందులో మేకగడ్డం పీకి, ముఖం కడిగి, జుట్టు దువ్వుకుంటున్నాడు. కళ్ళు తెరవగానే ఆమెకు కనబడేది తన ముఖమే కదా.

ఘోరం సరిగ్గా అప్పుడే జరిగింది. జరిపించింది పగ కాదు, ప్రేమ. పీనసాసురుడు సీసా పక్కన కూర్చుని ఆలోచించాడు. ఇన్నాళ్ళూ ఈ పిల్ల గాలికీ మంచుకూ ఆరుబయట పడి ఉంది. ఇందాక నిండా చన్నీళ్ళు కూడా పోశారు. దీనికి జలుబు చెయ్యకుండా ఉంటుందా? భరిణెలో తన ముక్కు బాగుచేసిన మందు ఇంకా మిగిలే ఉంది. “పాపం, తల్లీ” అంటూ దాన్నంతా సీసాలో ఒంపి, ప్రేమగా ఒక్కసారి ఊపాడు.

సీసాలోని మెరుపులు అంచులు కోల్పోయాయి. పలకలు వంగాయి, జారాయి. పొయ్యి లేకుండా, సెగ లేకుండా, చూస్తుండగానే హిమగంధి నీళ్ళయిపోయింది.

కేయూరుడు వెనుదిరిగి చూసి, కత్తి దూసి రాక్షసుడి కంఠానికి ఆనించాడు. వాడు కదల్లేదు. “నరుకు రాజా. మంచిదనుకునే ఏశాను” అన్నాడు. కళ్ళనుంచీ, కొత్తగా తెరుచుకున్న ముక్కునుంచీ ధారలు. కేయూరుడి చెయ్యి సడలింది. అంబలి కుండ మీద బిగిసిన పిడికిలి అతడికి గుర్తుంది. ఆ వేళ్ళను ఒక్కొక్కటే దులుపుకున్న తీరూ గుర్తుంది.

తడిబట్టలతో పరుగెత్తుకొచ్చిన శతపుష్ప సీసాను ఎండకెత్తి చూసి, మూతి దగ్గర ముక్కుపెట్టి, నిట్టూర్చింది. “కత్తి దించు. వాము పువ్వునూ కర్పూరాన్నీ పక్కపక్కన పెడితే రెండూ నీరుకారిపోతాయి. వాడికేం తెలుసు? తెలిసిన నేను భరిణె వదిలి వెళ్ళాను.”

“ఆమె ఉందా?”

“ఉంది. కలిసిందే గాని, కలిసి మరొకటి కాలేదు. కర్పూరపు అణువులు కర్పూరంగానే ఉన్నాయి, వాము అణువులు వాముగానే ఉన్నాయి. ఇరుగుపొరుగు కాపురం. పెళ్ళి కాలేదు.”

“ఎవరితోనూ కాకపోతే చాలు” అన్నాడు కేయూరుడు, ఊపిరి కూడగట్టుకుని.

“ఇప్పుడు నీళ్ళు పోసినా, ఆవిరి పట్టినా రెండూ కలిసే వస్తాయి. ఘాటైన క్షారజలం కావాలి. అందులో వాము కరుగుతుంది, పిల్ల తేలుతుంది.”

“చౌటిగుండం” అన్నాడు పీనసాసురుడు ముక్కు తుడుచుకుంటూ. “ఈ లోయకవతల ఉంది. అందులో పడ్డ ఏనుగుకు తోలు మిగల్దంట. నేను మోసుకుపోతా.”

“ఎవరిని మోస్తావురా?”

మెట్ల మీద సంకరాక్షుడు నిలబడి ఉన్నాడు. ఒక కన్ను నీలం, ఒక కన్ను పచ్చ. సగం మీసం నలుపు, సగం తెలుపు. ఒక కాలికి పావుకోడు, ఒక కాలికి ముచ్చెల జోడు. ముక్కు మాత్రం రెండు వైపులా చక్కగా పనిచేస్తుంది. వాము వాసన పట్టే వచ్చాడు. సీసాను చూసి అతడు నవ్వాడు.

“ఎందుకంత దూరం, యువరాజా? ఆ ముసలమ్మ చేత ఇప్పుడే మంత్రం చదివించు. నీ హిమగంధి ఈ క్షణమే నీ ఎదుట నిలబడుతుంది. కాస్త వాము ఘాటు ఉంటుంది, కాస్త తాను కాని తాను ఉంటుంది. అయితేనేం? కల్తీ లేని మనిషిని నువ్వెక్కడైనా చూశావా? చౌటిగుండానికి పోతే ఆ కాస్తా దక్కదు. చదివించు, నేను అడ్డురాను.”

శతపుష్ప పెదవులు కదిలాయి. మంత్రం ఆమె నాలుక చివరే ఉంది. పెంచిన పిల్ల, ఎలా వచ్చినా పిల్లే కదా. ఆమె కేయూరుడి వంక చూసింది.

“కల్తీ అందరిలోనూ ఉంటుంది” అన్నాడు కేయూరుడు. “నాలో మా తాత మొండితనం ఉంది, మా మేనమామ తిండిపోతుతనం ఉంది. కాని ఒక మనిషిలో ఏం కలవాలో ఆ మనిషిని అడగాలి. నువ్వు అడగలేదు. నేనూ అడగకుండా ఆమెను తెచ్చుకుంటే, నీకూ నాకూ తేడా మీసంలోనే.”

శతపుష్ప పెదవులు బిగించుకుంది. “పద అల్లుడూ” అంది.

సంకరాక్షుడి దండం లేచింది. మేడ నేల బురదగా, బురద ముళ్ళుగా మారుతూ వాళ్ళ వైపు పరుగెత్తింది. పీనసాసురుడు ఒక భుజం మీద శతపుష్పను, మరో భుజం మీద కేయూరుణ్ణి ఎక్కించుకుని, సీసా అందుకున్నాడు. బిరడా కోసం వెతికే వ్యవధి లేదు. సీసాను పిడికిట్లో బిగించి మూతికి బొటనవేలు అడ్డంపెట్టాడు. మేడ అంచుకు అందేలా లోయ మీద వేలాడుతున్న అడవితీగను రెండో చేత్తో అందుకుని లోయలోకి దూకాడు.

తీగ ఊగింది. వెనకనుంచి సంకరాక్షుడు వదిలిన గద్దలు, సగం ఇనుము సగం ఈకలు, గుంపులుగా ముసురుకున్నాయి. కేయూరుడి కత్తి గాలిలో వలయాలు చుట్టింది. తెగిన ఇనుము ఖణేలుమంటూ, తెగిన ఈకలు తేలిపోతూ రాలుతున్నాయి. కింద లోయ అడుగు కనబడని పొగమంచు. అవతలి గట్టు దగ్గరవుతోంది.

రాలిన ఈక ఒకటి వచ్చి పీనసాసురుడి ముక్కు మీద వాలింది.

“రాజా” అన్నాడు వాడు బిగబట్టిన గొంతుతో. “తుమ్మొస్తోంది.”

“ఆపుకో.”

“పుట్టినకాడినుంచి ఆపుకున్నయ్యన్నీ ఒక్కసారే ఒస్తన్నయ్యి.”

రాక్షసుడి తుమ్ముకు ఒళ్ళంతా అదురుతుంది. రెండు పిడికిళ్ళూ బిగిసి ఉండటం కల్ల. ఏదో ఒకటి విడిపోక తప్పదు. వాడు కుడిచేతి తీగను చూశాడు, ఎడమచేతి సీసాను చూశాడు. శతపుష్ప వాడి మెడను రెండు చేతులా చుట్టేసి కళ్ళు మూసుకుంది.

లోయ దద్దరిల్లేలా తుమ్మాడు పీనసాసురుడు. వదిలింది తీగనే.